హమ్మయ్య అన్న చిలుక

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. కథల్లో రాజులకి ముగ్గురే ఎందుకుంటారని అడగకండి, ఆ ముగ్గురితోనే ఆయన తల నెరిసిపోయింది. పెద్దవాడు రణసేనుడు, పట్టిన కత్తి దించడు. రెండోవాడు రత్నసేనుడు, బజారుకి వెళ్తే బండెడు వస్తువులు తేనిదే తిరిగి రాడు. మూడోవాడు మందారసేనుడు. వీడికి ఎక్కడైనా కాస్త కూర్చోవడమంటే ఇష్టం. కూర్చోగానే ఒక నిట్టూర్పు విడిచి "హమ్మయ్య" అంటాడు, ఆ తర్వాతే ఏ మాటైనా. వీడు పుట్టడమే అలసిపోయి పుట్టాడని అంతఃపురంలో దాదులు నవ్వుకునేవారు.

ఒకనాడు ఎక్కడినుంచో ఒక బొంతకాకి వచ్చి కోట గుమ్మం మీద వాలి, మనిషి గొంతుతో చాటింపు వేసింది. ఏడు సముద్రాల అవతల ఉలూకభట్టు అనే మాంత్రికుడు ఉన్నాడట. ఆయన దగ్గర ఒక చిలుక పిల్ల ఉందట. అది ఎవరినీ దగ్గరికి రానివ్వదట. దాన్ని మచ్చిక చేసి, తనంతట తానే చేతిమీదికి ఎక్కేట్టు చేసినవాళ్ళకి ఒక్క కోరిక, ఏదైనా సరే, తీరుస్తాడట. గడువు నలభై రోజులు. గడువు దాటినా, ఈలోగా పిల్ల ఒంటిమీద నెత్తురు చుక్క కనబడినా వచ్చినవాడు రాయైపోతాడట.

పిట్టని పట్టడం కూడా ఒక పనేనా అని పెద్దవాడు తోలు తొడుగు చేతికి వేసుకుని బయల్దేరాడు. ఏడాది తిరిగేసరికి కాకి వాడి ఉంగరం తెచ్చి రాజు ముందు పడేసింది. అన్నయ్యకి బలం తెలుసుగానీ లాలన తెలియదు, ఆటవస్తువులిస్తే పసిది రాక ఏం చేస్తుంది అని రెండోవాడు పెట్టెల నిండా బంగారు గంటలూ వెండి గిలకలూ వేసుకుని వెళ్ళాడు. మరో ఏడాదికి కాకి రెండో ఉంగరం తెచ్చింది.

మందారసేనుడికి వెళ్ళాలని లేదు. సాహసం మీద మోజు లేదు, కోరికలంటూ పెద్దగా లేవు. కానీ వాళ్ళమ్మ రోజూ మధ్యాహ్నం అలవాటు కొద్దీ మూడు విస్తళ్ళు వేసేది, కాసేపటికి గుర్తొచ్చి రెండు విస్తళ్ళు తీసేసేది. అది చూసి రాజు చెయ్యి కడిగేసుకునేవాడు. మందారసేనుడు ఒక నెల చూశాడు, రెండు నెలలు చూశాడు. ఇక చూడలేక ఒక పొద్దున చెప్పులేసుకుని వెళ్ళొస్తానన్నాడు. తండ్రి వద్దని బతిమాలాడు. అన్నలు లేకుండా ఈ ఇంట్లో నాకు కూర్చోబుద్ధి కావడం లేదు నాన్నగారూ అని మాత్రం చెప్పి, వాడు గుమ్మం దాటాడు.

కొండలు దాటాడు, కోనలు దాటాడు, కారడవులు దాటాడు. ఒక జత చెప్పులు అరిగాయి, రెండో జత అరిగాయి, మూడో జత అరిగేసరికి సముద్రం వచ్చింది. ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి గాలిలో కాళ్ళు తన్నుకుంటోంది. మందారసేనుడు దాన్ని తిరగేసి పెట్టి, పక్కనే చతికిలబడి హమ్మయ్య అన్నాడు. ఆ మాట తాబేలుకి నచ్చింది. ఎక్కు నాయనా, ఏడు సముద్రాలూ దాటిస్తాను, తొందరపెట్టకుండా ఉంటే చాలు అంది.

ఉప్పు సముద్రంలో కాళ్ళ పగుళ్ళు భగ్గున మండాయి. చెరకురసం సముద్రంలో ఒంటికి ఈగలు ముసిరాయి. కల్లు సముద్రంలో తాబేలు దారి తప్పి మూడు రోజులు గుండ్రంగా తిరిగింది. నేతి సముద్రంలో మందారసేనుడు ఏడుసార్లు జారిపడ్డాడు. పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం కూడా అయ్యేసరికి వాడికి సముద్రమంటేనే విసుగొచ్చింది. దిగేటప్పుడు తాబేలు ఒక మాట చెప్పింది.

"నేను తల లోపలికి లాక్కున్నానంటే ఎవరు గిల్లినా బయటికి తీయను నాయనా. గిల్లేవాడు అలసిపోయి ఊరుకున్నాక, పోనీలే అని నేనే తొంగిచూస్తాను. భయపడ్డ ప్రాణి ఏదైనా అంతే."

ఆ ఒడ్డున ఈత చెట్టుకి ఒక గిజిగాడు తలకిందులుగా వేలాడుతోంది. ఎక్కడిదో పట్టుదారం దాని కాలికి చుట్టుకుని బిగుసుకుపోయింది. లాగితే కాలు తెగేట్టుంది. లాగే ఓపిక మందారసేనుడికి ఎలాగూ లేదు. కూర్చుని గోటితో ఒక్కొక్క పోగే విడదీశాడు, పొద్దు వాలేదాకా విడదీశాడు. గిజిగాడు ఊపిరి పీల్చుకుని, ఈ దారం మాంత్రికుడి ఇంటి చెత్తలోది అని చెప్పింది. మేం గూడు అల్లేది ఈనెలతో, పీచుతో, కొరికితే తెగిపోతుంది, తెగని దారం పిట్టకి ఉరితాడే అంది. పచ్చి ఈతాకులు చీల్చి గుండ్రంగా ఒక బంతి అల్లి, ఆ ఇంట్లో ఉన్న పసిదానికి ఇవ్వు, పీకి పోగులు పెట్టుకుంటుంది అని వాడి చేతిలో పెట్టింది.

అక్కడినుంచి కాస్త దూరంలో ఒక బూరుగు చెట్టు. దాని తొర్రలో ఒక తల్లి చిలుక. అది గుడ్లు పెట్టడం మానేసి మూడేళ్ళయింది. మందారసేనుడు చెట్టుకింద కూర్చుని హమ్మయ్య అనగానే అది కిందికి దిగి వచ్చి, ఎక్కడికి వెళ్తున్నావని అడిగి, అంతా విని, అసలు గుట్టు విప్పింది. ఉలూకభట్టు ప్రాణం ఆయన ఒంట్లో ఉండదు, చిలుకలో ఉంటుంది. ఆ చిలుక ముసలిదైతే ప్రాణాన్ని ఇంకో పిల్లలోకి మార్చుకుంటాడు. అలా మూడేళ్ళ కిందట ఈ తొర్రలోంచే రెక్కలు రాని పిల్లని ఎత్తుకుపోయాడు. భయంతో ఆ పిల్లకి ఎదుగుదల ఆగిపోయింది, ఇప్పటికీ పసిదిగానే ఉంది.

"దాని మెడ నులిమితే వాడు చస్తాడు. కానీ నీ అన్నలు రాళ్ళుగానే ఉండిపోతారు, రాయిని మనిషిని చేసే మంత్రం వాడి నోట్లోనే ఉంది. అదీ కాక" అని తల్లి చిలుక ఖాళీ తొర్రకేసి చూసింది. "అది నా బిడ్డ బాబూ."

నీ బిడ్డని నీ తొర్రకి చేరుస్తానమ్మా అని మందారసేనుడు మాటిచ్చేశాడు. ఇచ్చి, నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది, మాంత్రికుడు తీర్చేది ఒక్క కోరికే. అన్నలని అడిగితే పిల్ల పంజరంలో ఉండిపోతుంది. పిల్లని అడిగితే వాళ్ళమ్మ రెండు విస్తళ్ళు తీసేస్తూనే ఉంటుంది. వాడికి ఒక్కసారిగా ప్రాణం ఉసూరుమంది.

మాంత్రికుడి కోట ముంగిలి నిండా రాళ్ళే. ఒక రాయి తోలు తొడుగు వేసుకున్న చెయ్యి చాపి ఉంది. ఇంకో రాయి గంట పైకెత్తి పట్టుకుని ఉంది. రెండింటి మీదా దుమ్ము లేదు. ఒక అమ్మాయి తడిబట్టతో వాటిని తుడుస్తోంది. ఆమె విరజాజి, ఒకప్పుడు ఏదో దేశపు రాజుగారి కూతురు, చిలుకకి దాసీగా ఉండమని మాంత్రికుడు ఎత్తుకొచ్చిన పిల్ల. మణికట్టు దాకా చేతులనిండా ముక్కు గాట్లు. వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసి, మీరు ఏ మూల నిలబడతారో ముందే చూసుకోండి, పడమటి వైపు ఎండ ఎక్కువ అంది. ఆమె పరిహాసానికి అనలేదు. మూడేళ్ళుగా చూసి చూసి విసిగిపోయి అంది.

ఉలూకభట్టు కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆయన నిద్రపోయి మూడేళ్ళయింది. పిల్ల ఉలిక్కిపడినప్పుడల్లా ఆయన గుండె పట్టుకునేవాడు. ప్రాణం పరుల చేతిలో ఉన్నవాడికి కంటిమీద కునుకు ఎలా పడుతుంది? అందుకని రోజూ తెల్లవారగానే విరజాజి చేత పిల్లని గుడ్డలో గట్టిగా పట్టించి, ఈకలు ఎన్ని ఉన్నాయో, బరువు తగ్గిందేమో, గుండె ఎలా కొట్టుకుంటోందో చూసుకునేవాడు. ప్రాణం భద్రంగా ఉందో లేదోనని రోజూ దాన్ని హడలగొట్టేవాడన్నమాట. ఇంత మంత్రం వచ్చినవాడికి ఈ చిన్న సంగతి తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

పంజరం మేలిమి బంగారం. లోపల బంగారు ఊయల, నున్నటి బంగారు కమ్మీ, సన్నటి చీలికలున్న గంటలు, పట్టు కుచ్చులు, చుట్టూ అద్దాలు. రత్నసేనుడు తెచ్చినవి కూడా అందులోనే కుక్కారు. వీటన్నిటి మధ్య ఒక మూల, రొమ్ము ఈకలు తానే పీక్కున్న చిలుక పిల్ల, మన గుప్పెడంత ఉంది.

మొదటిరోజు మందారసేనుడు ఆ గదిలోకి వెళ్ళి, పంజరానికి దూరంగా, పిల్లకంటే కిందుగా నేలమీద కూర్చుని, గోడకి జారబడి, "హమ్మయ్య" అన్నాడు. అని నిద్రపోయాడు. పిల్ల తల ఒకపక్కకి వంచి వాణ్ణే చూసింది. ఆ గదిలోకి వచ్చి కూడా చెయ్యి చాపని మనిషిని అది పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

రెండోరోజూ నిద్రపోయాడు. మూడోరోజు మాంత్రికుడు మండిపడి, ఏం చేస్తున్నావని అడిగాడు. అలసట తీర్చుకుంటున్నాను భట్టుగారూ, నలభై రోజులున్నాయిగా అన్నాడు మందారసేనుడు. తర్వాత మూడు సంగతులు అడిగాడు. ఒకటి, పంజరంలో ఉన్నవన్నీ తీసేయాలి. రెండు, పొద్దుటి తనిఖీ మానేయాలి. మూడు, పగలు గది తలుపులు మూసి, పంజరం తలుపు మాత్రం తీసి ఉంచాలి.

మాంత్రికుడు ఒప్పుకోలేదు. ఒక్కో గంట ఒక్కో ఊరి ఖరీదు అన్నాడు. మందారసేనుడు ఒక గంట తీసి చూపించాడు. చీలికలో వేలు ఇరుక్కుంటే పిల్ల కాలు విరుగుతుంది. అతుకు దగ్గర పూసిన సీసం అది నాకుతోంది, అందుకే దాని రెట్ట పచ్చగా నీళ్ళలా ఉంది. నున్నటి కమ్మీ మీద నిలబడి అరికాళ్ళు పుండయ్యాయి. అద్దాల్లో ఎటు చూసినా కొత్త పిట్టలే, దానికి కునుకు లేదు. మీకు కూడా కడుపులో తిప్పుతూ, అరికాళ్ళు మండుతూ ఉంటాయా భట్టుగారూ అని ఊరికే అడిగినట్టు అడిగాడు. ఉలూకభట్టు ముఖం పాలిపోయింది. మూడేళ్ళుగా ఆయనకున్న జబ్బులు అవే. మూడింటికీ సరే అన్నాడు.

బంగారు కమ్మీ పోయి వేప కొమ్మ, జామ కొమ్మ వచ్చాయి, ఒకచోట లావు, ఒకచోట సన్నం, బెరడుతో సహా. నున్నగా గీకిన కొబ్బరి చిప్ప వచ్చింది. గిజిగాడు ఇచ్చిన బంతిని మాత్రం మందారసేనుడు వెంటనే పంజరంలో పెట్టలేదు. కొత్త వస్తువు కూడా పసిదానికి భూతమే. మొదటిరోజు కిటికీ దగ్గర పెట్టాడు, రెండోరోజు గది మధ్యకి జరిపాడు, మూడోరోజు పంజరం పక్కన పెట్టాడు. నాలుగోరోజు పిల్లే మెడ చాచి ఒక ఆకు పీకింది. సాయంత్రానికి బంతి పోగులు పోగులైంది. విరజాజి అయ్యో అంది. చిరిగితేనే కదా ఆడుకున్నట్టు అని వాడు ఇంకోటి అల్లడానికి కూర్చున్నాడు.

రోజులు గడిచాయి. పది రోజులు జామ ముక్క దూరంగా పెట్టాడు, తర్వాత దగ్గరగా పెట్టాడు, తర్వాత వేళ్ళతో పట్టుకుని కూర్చున్నాడు. పిల్ల ఈకలు బిగించి సన్నబడితే వెనక్కి జరిగేవాడు. ఈకలు వదులుచేసి హాయిగా ముక్కు కిటకిటలాడిస్తే అక్కడే కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఏం కబుర్లు? కాళ్ళ నొప్పులు, నేతి సముద్రం, వాళ్ళమ్మ వేసే విస్తళ్ళు. ఇరవయ్యో రోజు పిల్ల జామ ముక్కతోపాటు వాడి వేలు కూడా కొరికింది. వాడు చెయ్యి లాక్కోలేదు, అరవలేదు, అంత ఓపిక లేదు. కారిన నెత్తురు చిలుకది కాదు కనక గడువు చెడలేదు.

విరజాజి చేతులు కనబడితే మాత్రం పిల్ల కీచుమనేది. అది విన్నప్పుడల్లా ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "నేనే రోజూ గుడ్డలో బిగించి పట్టుకున్నాను. చెప్పింది ఆయనే అయినా, పట్టుకున్నవి ఈ చేతులే కదా" అంది ఒకనాడు. మందారసేనుడు ఆమెని కూడా కూర్చోమన్నాడు. మొదట చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంది, పది రోజులకి ఒళ్ళో పెట్టుకుంది, ఇంకో వారానికి ఆ ఒళ్ళో నానబెట్టిన పెసలు పెట్టుకుంది. అలసిపోయినవాళ్ళిద్దరూ అలా గోడకి జారబడి కూర్చునేవారు. పెద్దగా మాట్లాడుకున్నది కూడా లేదు.

ముప్పై తొమ్మిదో రోజు వచ్చింది. పిల్ల వేళ్ళమీంచి తింటోంది, కానీ చేతిమీదికి ఎక్కలేదు. గడువు దగ్గరపడింది కదా, గభాలున పట్టేసి చేతిమీద పెట్టుకుందామా అని మందారసేనుడికి ఒక్క క్షణం అనిపించింది. పట్టుకోవచ్చు కూడా, అంత దగ్గరగా ఉంది. వాడు చెయ్యి ఎత్తాడు, పిల్ల ఈకలు బిగించింది, వాడు చెయ్యి దించేశాడు. ఆ రోజు వాడికి నిజంగా ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి మూడో ఉంగరం కూడా అమ్మ ముందు పడేయించబోతున్నానే అని కుమిలిపోయాడు.

నలభయ్యో రోజు మధ్యాహ్నం ఉలూకభట్టు మంత్రజలం చెంబుతో గుమ్మంలో నిలబడ్డాడు. మందారసేనుడు వచ్చి తన చోట కూర్చున్నాడు. గుండెల్లో ఎంత బరువుందంటే, ఎప్పుడూ అనే మాట కూడా ఆ రోజు నోట రాలేదు. పిల్ల కాసేపు వాడికేసి చూసింది. ఏదో తక్కువైందన్నట్టు తల ఇటు వంచింది, అటు వంచింది. తర్వాత సన్నటి గొంతుతో తనే అంది.

"హమ్మయ్య."

అని కొమ్మ దిగి, పంజరం గుమ్మం దిగి, నేలమీద తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, వాడి చేతిమీదికి ఎక్కి కూర్చుంది. గుమ్మంలో ఉన్న ఉలూకభట్టు చేతిలోని చెంబు కింద పెట్టాడు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఆయన గుండె తాపీగా కొట్టుకుంది.

కోరిక అడగమన్నాడు. విరజాజి ముంగిట్లోని రెండు రాళ్ళకేసి చూసింది. ఇన్నాళ్ళూ జారబడి కూర్చుని మందారసేనుడు ఊరికే కునుకు తీశాడనుకుంటున్నారా? ఆలోచన కూడా చేశాడు.

"ఈ పంజరం తలుపు, ఈ గది కిటికీ ఇక ఎప్పటికీ మూయకూడదు భట్టుగారూ. అదే నా కోరిక" అన్నాడు.

ఇచ్చిన మాట తప్పితే మాంత్రికుడి మంత్రాలు పనిచేయవు. పళ్ళు నూరుకుంటూ కిటికీ తీశాడు. పిల్ల గాలి వాసన చూసింది, రెక్క విదిల్చింది, తూలుతూ తూలుతూ ఎగిరి బూరుగు చెట్టు మీద వాలింది. ఉలూకభట్టు నేలమీద కూలబడ్డాడు. తన ప్రాణం ఆరుబయట కొమ్మమీద ఉంది, పైన డేగలు తిరిగే ఆకాశం. పిలువు, నువ్వు పిలిస్తేనే వస్తుంది అని బతిమాలాడు. మందారసేనుడు గోడకి జారబడ్డాడు.

"పిలుద్దును గానీ గొంతు పెగలడం లేదండీ. అన్నయ్యలిద్దరూ ఎండలో నిలబడి ఉంటే నాకు నోట మాట ఎలా వస్తుంది?"

మాంత్రికుడు పరుగున వెళ్ళి మంత్రం చదివి నీళ్ళు చల్లాడు. తొందరలో ముంగిలంతా చల్లేశాడు. రాళ్ళన్నీ మనుషులయ్యాయి. రణసేనుడు ముందు తొడుగు విప్పి పారేశాడు. రత్నసేనుడు చేతిలోని గంట చూసుకుని సిగ్గుపడ్డాడు. మందారసేనుడు ఇద్దరినీ కావలించుకుని కాసేపు వదల్లేదు. తర్వాత చెట్టుకిందికి వెళ్ళి, కూర్చుని, మనస్ఫూర్తిగా హమ్మయ్య అన్నాడు. కొమ్మల్లోంచి పిల్ల వచ్చి వాడి చేతిమీద వాలింది. వెనకాలే తల్లి చిలుక వచ్చి పిల్ల తలమీది ఈకలు దువ్వింది.

ఉలూకభట్టు పిల్లని పట్టుకోవడానికి చెయ్యి చాపాడు. విరజాజి అడ్డంగా నిలబడింది. "మూడేళ్ళు పట్టుకున్నాం కదా స్వామీ, మీకు ఒక్క పూటైనా నిద్ర పట్టిందా?" అని అడిగింది. ఆయన చాపిన చెయ్యి దించేశాడు. పిల్ల తల్లి రెక్క కింద కళ్ళు మూసుకుంటోంది, ఆయన కళ్ళు కూడా బరువెక్కాయి. చెట్టు మొదట్లోనే ఒరిగి మూడు రోజులు నిద్రపోయాడు. లేచాక చెంబు సముద్రంలో పారేసి, ఇంకో పిల్లని తెచ్చే ఓపిక నాకు లేదు, దీనితోనే పోతాను అన్నాడు. మందారసేనుడు ఆయనకి జామ ముక్క ఎలా పెట్టాలో, ఎంత దూరంలో కూర్చోవాలో నేర్పి బయల్దేరాడు.

బయల్దేరేముందు, మా ఊరు వస్తారా అని విరజాజిని అడిగాడు. మీ ఇంట్లో పంజరాలున్నాయా అని ఆమె అడిగింది. లేవు, మంచాలు మాత్రం చాలా ఉన్నాయి అన్నాడు. ఆమె నవ్వింది, మూడేళ్ళలో అదే మొదటి నవ్వు. అంతమంది ఒక్క తాబేలు మీద ఎలా పట్టారని మళ్ళీ అడ్డు రాకండి, తాబేలుకి చుట్టాలుండరా ఏమిటి?

వాళ్ళు ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. రాణి మూడు విస్తళ్ళు వేసి, మూడూ తీసేయబోతూ తలెత్తి చూసింది. తీయబోయినవి అక్కడే వదిలేసి, ఏడుస్తూనే నాలుగోది వేసింది. ఆ నెలలోనే మందారసేనుడికీ విరజాజికీ పెళ్ళయింది, అన్నలిద్దరూ ఒప్పుకుని తమ్ముడికే పట్టం కట్టించారు. భయపడుతూ మొర చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళని ఆ రాజు ముందు కూర్చోనిచ్చేవాడు, వాళ్ళు ఊపిరి తీసుకున్నాకే ఏమిటని అడిగేవాడు. మందకొడి రాజు అని మంత్రులు గొణుక్కున్నారుగానీ, ఆయన ఏలిన నలభై ఏళ్ళూ జనం కంటినిండా నిద్రపోయారు.

బొంతకాకి మాత్రం అప్పుడప్పుడు వచ్చి అక్కడి కబుర్లు చెప్పి పోయేది. పిల్ల పెరిగి పెద్దదై, బూరుగు తొర్రలో తనూ పిల్లల్ని పెట్టిందట. ఉలూకభట్టు రోజూ జామ ముక్క పట్టుకుని చెట్టుకింద కూర్చున్నాడట. చిలుక ఆయన చేతిమీద వాలడానికి మరో మూడేళ్ళు పట్టిందట. చివరిసారి వచ్చినప్పుడు కాకి ఒక్క కబురే చెప్పింది. ముసలి చిలుక ఒక మధ్యాహ్నం తనంతట తానే దిగి వచ్చి ముసలాయన అరచేతిలో ఒదిగిందట, ఇద్దరూ అలాగే కళ్ళు మూశారట. మూసేముందు ఒక మాట వినబడిందట, హమ్మయ్య అని. అన్నది మనిషో చిలుకో చెట్టుమీది కాకికి తెలియలేదట.

కథ గూటికి చేరింది, ఇక మీరూ చేరండి.